బూటకపు వైరస్ హెచ్చరికలు: గుర్తుపట్టడం ఎట్లా?

హెచ్చరిక మంచిదే. ఏరు పొంగి వస్తున్నదని ఎగువ ఊరివారు కేక వేస్తే దిగువవారు పశువులను గట్టెక్కిస్తారు. ఆ కేక నిజమా, కాదా అని విచారించడానికి ఎవరూ ఏటి దాకా వెళ్లరు. అంత వ్యవధి ఉండదు. పైగా కేక వేసినవారు మన మేలు కోరినవారు. మనుషులలో ఉన్న ఈ మంచి గుణాన్నే ఆధారం చేసుకొని బ్రతికే ఒక వింత వస్తువు కంప్యూటరు యుగంలో పుట్టింది. దానినే బూటకపు వైరస్ హెచ్చరిక అంటారు.

దాని స్వరూపం దాదాపు ఎప్పుడూ ఒకే విధంగా ఉంటుంది. ఫలానా పేరుగల వీడియో వస్తే తెరవవద్దని, అది భయంకరమైన వైరస్ అని, తెరిచిన వెంటనే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకు పోతుందని, ఈ సంగతి ఈ రోజే బీబీసీ రేడియోలో చెప్పారని, కనుక తెలిసిన వారందరికీ తక్షణం పంపమని అందులో ఉంటుంది. 2016, 2017 సంవత్సరాలలో మన దేశంలో తిరిగిన ఇట్టి సందేశంలో వీడియో పేరు ‘డాన్స్ ఆఫ్ ది హిల్లరీ’. అంతకు ముందు అదే సందేశంలో హిల్లరీకి బదులు పోపుగారు నాట్యమాడారు. 2020లో కరోనా రోజులలో అర్జెంటీనా దేశపు వీడియో అన్నారు. 2023లో మొరాకో భూకంపపు చిత్రాలు అన్నారు. పేర్లు మారినవి గాని కథ మారలేదు. పది సెకన్లలో ఫోను పాడవుతుందన్న ఆ వైరస్‌ను పట్టి చూపినవారు మాత్రం ఎక్కడా లేరు.

ఇట్టివాటిని గుర్తుపట్టడానికి ముందు అసలు వైరస్ అంటే ఏమిటో కొంచెం తెలిసి ఉండాలి. కంప్యూటరులో ఉండే వస్తువులు స్థూలంగా రెండు విధాలు. ఒకటి సమాచారం: అంటే ఉత్తరం, చిత్రం, పాట, మార్కుల పట్టిక. రెండవది ప్రోగ్రాము: అంటే కంప్యూటరు వరుసగా నెరవేర్చవలసిన ఆజ్ఞల జాబితా. వైరస్ ఈ రెండవ జాతిది. పులిహోర చేసే విధానం కాగితం మీద వ్రాసి ఉన్నంత మాత్రాన విస్తరిలో పులిహోర పడదు. చదివి వండేవారు ఒకరు ఉండాలి. అట్లాగే వైరస్ కూడా ఏదో ఒక మార్గాన కంప్యూటరు చేత ‘నడిపించబడితే’ తప్ప ఏమీ చేయలేదు. కనుక వైరస్‌ను గురించి ఎవరేమి చెప్పినా మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటే: దీనిని నడిపించేది ఎవరు? ఏ ద్వారాన?

ఈ ప్రశ్నకు నిలబడలేక పోయిన వాటిలో మిక్కిలి పేరు పొందినది ‘గుడ్ టైమ్స్’ హెచ్చరిక. 1994 చివర అమెరికాలో ఈమెయిళ్ల ద్వారా వ్యాపించింది. ‘గుడ్ టైమ్స్’ అనే శీర్షికతో ఈమెయిలు వస్తే చదవవద్దని, చదివినంత మాత్రాన డిస్కు నాశనమవుతుందని దాని సారాంశం. అమెరికా ప్రభుత్వపు సమాచార ప్రసారాల సంస్థ అయిన ఎఫ్‌సీసీ ఈ ప్రకటన చేసిందని కూడా చేర్చారు. ఆ సంస్థ పని రేడియో, టెలిఫోను వంటి వాటిని నియంత్రించడమే గాని వైరస్‌లను గురించి ప్రకటనలు చేయడం కాదు. మరొక ప్రతిలో ఇంకా గంభీరమైన శాస్త్రం ఉన్నది: ఆ వైరస్ ప్రాసెసరును ‘ఎన్‌వ స్థాయి సంక్లిష్టత గల అనంత ద్విసంఖ్యా వలయం’లో పడవేస్తుందట, అందువల్ల ప్రాసెసరు చెడిపోతుందట. ఆ మాటలను విడివిడిగా చూస్తే అన్నీ గణితశాస్త్రంలోనివే. కలిపితే అర్థం శూన్యం. ప్రోగ్రాము వలయంలో చిక్కుకుంటే కంప్యూటరు స్తంభించవచ్చు, వేడెక్కవచ్చు. ఆపి మళ్లీ వేస్తే సరిపోతుంది. ఆ కాలపు ఈమెయిలు వట్టి అక్షరాలు. దానిని చదవడం వల్ల నడిచే ప్రోగ్రాము ఏదీ లేదు.

అయితే ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ‘ఈమెయిలు వల్ల వైరస్ రాదు’ అనే మాట కూడా సత్యం కాదు. 2000 సంవత్సరం మే 4న ‘ఐ లవ్ యు’ అనే శీర్షికతో వచ్చిన ఈమెయిళ్లు ప్రపంచమంతటా లక్షల కంప్యూటర్లను చెరిచినవి. అందులో ప్రేమలేఖ అనే పేరుతో జతచేసిన ఫైలు నిజానికి ప్రోగ్రాము. పేరులో మొదటి తోక అక్షరాల ఫైలుదిగా కనిపించేది. అసలు తోక దాని వెనుక ఉన్నది. తెరిచినవారు తమ చేతితోనే దానిని నడిపించినవారయ్యారు. అరుదుగా మరొకటి జరుగుతుంది: చిత్రాన్ని చూపే ప్రోగ్రాములోనే లోపం ఉంటే, ఆ లోపాన్ని తెలిసి తయారు చేసిన చిత్రం హాని చేయగలదు. అట్టి లోపం బయటపడినప్పుడు ఆ ప్రోగ్రాము తయారుచేసినవారు సవరణ విడుదల చేస్తారు. కనుక సమస్య ‘వైరస్‌లు ఉన్నాయా, లేవా’ అన్నది కాదు. నిజమైన హెచ్చరికను, బూటకాన్ని వేరు చేయడం ఎట్లా అన్నదే.

ఇందుకు మన రాష్ట్రంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. 2017 మే 12, శుక్రవారం నాడు ‘వాన్నాక్రై’ అనే ప్రోగ్రాము ప్రపంచం మీద పడింది. ఇది బూటకం కాదు. కంప్యూటరులోని ఫైళ్లను సంకేతలిపిలోకి మార్చివేసి, తిరిగి కావాలంటే 300 డాలర్లు చెల్లించమని తెర మీద అడిగేది. దాదాపు 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దీని పాలబడినవి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాలలో కొన్ని కంప్యూటర్లు చిక్కినవి. తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాలలోనూ కొన్ని చిక్కినవి.

సరిగా ఆ రోజులలోనే ఫోన్లలోను, ఈమెయిళ్లలోను హెచ్చరికలు కుప్పతెప్పలుగా వచ్చి పడ్డాయి. హిల్లరీ నాట్యం మళ్లీ బయలుదేరింది. ఏటీఎంలు రెండు మూడు రోజులు మూసివేస్తారని, ఈ లోపల ఫోను ద్వారా ఏమీ కొనవద్దని మరొకటి. ఏటీఎంలను ఆ విధంగా మూసివేయలేదు. మూడవది వీటికన్నా తెలివైనది. 74 దేశాలలో కంప్యూటర్లు దెబ్బతిన్నాయని, ‘టాస్క్‌స్కీ డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ఫైలు జత చేసిన ఈమెయిలును తెరవవద్దని అందులో ఉన్నది. ఈ మూడవ దానిని ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో ప్రత్యేకంగా చర్చించదగును. ఎందుకంటే ఇందులో అబద్ధం చాలా తక్కువ. 74 అనేది మొదటి రోజున ఒక వైరస్ నిరోధక సంస్థ నిజంగా చెప్పిన లెక్క. ఆ ఫైలు పేరు కూడా వాన్నాక్రైలో నిజంగా ఉన్నదే. తప్పినదల్లా దారి. వాన్నాక్రై ఒక కంప్యూటరు నుండి మరొకదానికి పోవడానికి ఈమెయిలు అవసరమే లేదు. విండోస్‌లో ఫైళ్లను ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు పంచిపెట్టే భాగంలో ఒక లోపం ఉన్నది. దాని గుండా అది తనంతట తానే పాకిపోయేది. మనిషి ఏదీ తెరవనక్కర లేదు. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ సంస్థ సవరణను 2017 మార్చి 14ననే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. ఆ సవరణ వేసుకున్న కంప్యూటరుకు ఏమీ కాలేదు. వేసుకోనిది ఎన్ని ఈమెయిళ్లను తెరవకుండా ఊరుకున్నా రక్షణ లేదు.

ఆ రోజున ఒక చిన్న కార్యాలయంలో గుమాస్తా ఈ మూడవ సందేశాన్ని చదివాడనుకుందాం. ఈమెయిలు తెరవడం మానివేశాడు. పదిమందికి సందేశం పంపాడు. తన పని అయిందనుకున్నాడు. చేయవలసిన ఒక్క పని, విండోస్‌కు సవరణ వేయడం, చేయలేదు. బూటకపు హెచ్చరిక వల్ల కాలం వృథా అవుతుందని, మనసుకు ఆందోళన అని సాధారణంగా చెబుతారు. అవి నిజమే గాని చిన్న నష్టాలు. పెద్ద నష్టం ఇది: ఏదో చేశామన్న తృప్తి కలిగించి, చేయవలసిన దానిని మరపిస్తుంది.

మా ప్రాంతపు విద్యార్థులకు ఈ తేడా గండికోటను చూపితే సులభంగా బోధపడుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పిల్లలు విహారయాత్రకు అక్కడికి పోనివారుండరు. ఒక ప్రక్క పెన్నానది కోసిన లోతైన లోయ, తక్కిన ప్రక్కల ఎర్రరాతి ప్రాకారం. అట్టి కోటలో శత్రువు ప్రవేశించడానికి మార్గాలు ఎన్ని? గోడలో ఎక్కడైనా గండి ఉంటే, ఎవరూ పిలవకుండానే అందులో నుండి రావచ్చు. వాన్నాక్రై వచ్చింది అట్లాగే. లేదా వర్తకుని వేషంలో ద్వారం దగ్గరకు వచ్చి, కావలివాని చేతనే తలుపు తీయించుకోవచ్చు. ప్రేమలేఖ వైరస్ వచ్చింది ఆ విధంగా. ఇక బూటకపు హెచ్చరిక కోటలోకి రానే రాదు. శత్రువు వస్తున్నాడని బయట నుండి కేక మాత్రం వేస్తుంది. లోపలివారు బెదిరి ధాన్యాగారానికి తామే నిప్పు పెట్టుకుంటే శత్రువుకు పనేమిటి?

ఇది అలంకారానికి చెప్పిన మాట కాదు, అక్షరాలా జరిగింది. 2001లో ‘సల్ఫ్‌ఎన్‌బీకే డాట్ ఈఎక్స్‌ఈ’ అనే ఫైలును గురించి ఒక ఈమెయిలు లోకమంతా తిరిగింది. ఆ పేరుగల వైరస్ మీ కంప్యూటరులో దాగి ఉన్నదని, జూన్ 1న లేస్తుందని, వైరస్ నిరోధక ప్రోగ్రాములు దానిని కనిపెట్టలేవని, కనుక వెతికి తీసివేయమని సలహా. చదివినవారు వెతికారు. దొరికింది! దొరకక ఏమవుతుంది? అది విండోస్ 98తో పాటు వచ్చే ఫైలే. పొడుగాటి ఫైలు పేర్లు చెడిపోతే తిరిగి నిలబెట్టడానికి ఉద్దేశించిన చిన్న పనిముట్టు. చెప్పిన చోట చెప్పిన పేరు కనిపించేసరికి అందరికీ నమ్మకం కుదిరింది; చేతులారా తీసివేశారు; స్నేహితులకు కూడా చెప్పారు. మరుసటి సంవత్సరం, 2002లో, బొమ్మ ఎలుగుబంటి గుర్తుగల ఇంకొక విండోస్ ఫైలు మీద ఇదే నింద పడింది. ఆ గుర్తు చూడడానికి వింతగా ఉండడమే దాని నేరం. ‘వెతికాను, దొరికింది’ అనేది రుజువు కాదని సైన్సు విద్యార్థికి చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. వైరస్ లేదని నిశ్చయంగా తెలిసిన కంప్యూటరులో కూడా వెతికి చూసి ఉంటే అక్కడా దొరికేది. ప్రయోగశాలలో మనం ఉపయోగించే సరిపోల్చే నమూనా వంటిది అది.

ఇక గుర్తుపట్టే విధానానికి వద్దాం. నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన గుర్తు నివారణ లేకపోవడం. నిజమైన హెచ్చరిక చేసేవారికి మీరు చేయవలసిన పని ఏమిటో తెలుసు: ఫలానా ప్రోగ్రాము, ఫలానా ప్రతి, అందులో ఫలానా లోపం, దానికి ఫలానా సవరణ. 2004 జనవరి నుండి పనిచేస్తున్న మన ప్రభుత్వ సంస్థ ‘సర్ట్-ఇన్’ ప్రకటనలను చూడండి. ప్రతి దానికి ఒక సంఖ్య, తేదీ ఉంటాయి. వికారమైనవి ఏ ప్రోగ్రాములో, ఎట్లా సరిచేసుకోవాలో ఉంటుంది. చదవడానికి బహు విసుగు పుట్టిస్తాయి కూడా. ‘అందరికీ పంపండి’ అనే మాట మాత్రం ఎక్కడా ఉండదు. బూటకంలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. మిమ్మల్ని చేయమని కోరే పని పంపడం ఒక్కటే.

తేదీ సంగతి కూడా గమనించవలెను. ‘ఈ రోజే చెప్పారు’, ‘నిన్ననే కనుగొన్నారు’ అని ఉంటుంది గాని ఏ రోజో ఉండదు. అందువల్లనే ఆ సందేశానికి ముసలితనం రాదు. పెద్ద పేర్లు ఉంటాయి: మైక్రోసాఫ్ట్, బీబీసీ, సీఎన్ఎన్. వారు ఎక్కడ, ఏ ప్రకటనలో చెప్పారో ఉండదు. హాని వర్ణన సాధ్యం కాని విధంగా ఉంటుంది. 2006లో తిరిగిన ‘ఒలింపిక్ జ్యోతి’ ఈమెయిలు కంప్యూటరులోని ‘సి’ డిస్కును మొత్తం కాల్చివేస్తుందన్నారు. ‘సి’ అనేది డిస్కులోని ఒక భాగానికి మనం పెట్టుకున్న పేరు. సమాచారాన్ని చెరపవచ్చు గాని పేరును కాల్చడం ఎట్లా?

ఒక్కొక్కప్పుడు వేళ్లు లెక్కపెట్టడం వస్తే చాలు. 2017 ప్రాంతంలో 777888999 అనే సంఖ్య నుండి పిలుపు వస్తే ఎత్తవద్దని, ఎత్తితే ఫోను పేలుతుందని మన దేశంలో ప్రచారమైంది. మన మొబైలు సంఖ్యకు అంకెలు 10. అందులో ఉన్నవి 9.

ఈ సందేశాల పూర్వీకులు మనకు కొత్తవారు కారు. స్వామివారు కనిపించి చెప్పారంటూ, ఈ కరపత్రాన్ని వెయ్యి ప్రతులు అచ్చు వేయించి పంచితే మేలు, చించితే కీడు అని బెదిరించే కాగితాలు తెలుగునాట చిరకాలంగా తిరిగాయి. పోస్టుకార్డుల మీద కూడా వచ్చేవి. అచ్చు వేయించినవారికి మేలు జరిగిందో లేదో గాని ప్రెస్సు యజమానికి మాత్రం తప్పక జరిగింది. అప్పుడు పంచడానికి డబ్బు, శ్రమ కావలసి ఉండేవి. కనుక వేగం తక్కువ. ఇప్పుడు వేలు కదిలిస్తే చాలు.

ఈ వేగానికి లెక్క ఉన్నది. పదవ తరగతి పిల్లలు చేయగలరు. ఒక్కొక్కరు 10 మందికి పంపుతారనుకుందాం. ఆ పదిమందిలో నమ్మి తిరిగి పంపేవారు 3 అయితే, పంపేవారి సంఖ్య మెట్టు మెట్టుకు మూడింతలవుతుంది: 1, 3, 9, 27... పది మెట్లు ఎక్కేసరికి 59,049 మంది. ఆ మెట్టులో సందేశం అందుకునేవారు 5,90,490 మంది. ప్రొద్దుటూరు పట్టణ జనాభాకు, 2011 జనాభా లెక్కల ప్రకారం, ఇది మూడింతలకు పైగా ఉంటుంది. ఇప్పుడు నమ్మేవారు పదిమందిలో ఒక్కరే అనుకోండి. పంపేవారి సంఖ్య పెరగదు, తరగదు. ఇరవైమందిలో ఒక్కరే అయితే? వెయ్యిమంది పంపితే పదివేలమందికి చేరుతుంది. వారిలో తిరిగి పంపేవారు 500. ఆ తరువాత 250. ఆ తరువాత 125. సందేశం దానంతట అదే చచ్చిపోతుంది. అంటువ్యాధుల శాస్త్రంలో వాడే లెక్క ఇదే. టీకా అందరికీ వేయనక్కర లేనట్లే, ఇక్కడ కూడా అందరికీ తెలివి చెప్పనక్కర లేదు. తగినంతమంది పంపడం మానితే చాలు. మన దేశంలో వాట్సాప్ సంస్థ 2018 జూలైలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపరాదని పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్ నుండి చాలాసార్లు చేతులు మారి, రెండు బాణాల గుర్తు పడిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తున్నది. పైన చెప్పిన 10 అనే అంకెను తగ్గించడమే దాని ఉద్దేశం.

2018లో ఆ పరిమితి పెట్టడానికి కారణం వైరస్ బూటకాలు కావు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న ఇదే తీరు సందేశాలను నమ్మి దేశంలో అనేక చోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ మే నెలలో తెలంగాణలోనూ ప్రాణాలు పోయినవి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి తన సిబ్బందిని గ్రామాలకు పంపి, డప్పులతో, పాటలతో, ఏ సందేశాన్ని నమ్మాలో, దేనిని నమ్మకూడదో చెప్పించారు. తేదీ లేకపోవడం, ఆధారం లేకపోవడం, అందరికీ పంపమనడం: అక్కడ తిరిగిన సందేశాలలోనూ ఇవే గుర్తులు.

ఇప్పటి నిజమైన అపాయం ఏదో కూడా చెప్పాలి. 2024, 2025 సంవత్సరాలలో తెలుగువారి ఫోన్లకు పెళ్లి శుభలేఖ అని, వాహన చలానా అని, ప్రభుత్వ పథకం అని పేర్లు పెట్టుకొని కొన్ని ఫైళ్లు వచ్చాయి. వాటి పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది. అంటే అది చిత్రమూ కాదు, కాగితమూ కాదు. ఆండ్రాయిడ్ ఫోనులో స్థాపించవలసిన ప్రోగ్రాము. స్థాపించినవారి ఫోనుకు వచ్చే సందేశాలను చదివి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తుంది. హిల్లరీ నాట్యానికి భయపడిన చేయి శుభలేఖను నొక్కుతున్నది. ఎవరైనా ఈ విధంగా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా 1930 అనే సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపగల అవకాశం అంత ఎక్కువ.

సందేహం కలిగిన హెచ్చరికను విచారించే విధానం సులభం. అందులో ఉన్న లంకెను నొక్కకూడదు. అందులో చెప్పిన సంస్థ పేరును, లేదా వైరస్ పేరును, మనమే వేరుగా టైపు చేసి వెతకాలి. నిజమైన దానికి సంస్థ ప్రకటన దొరుకుతుంది. బూటకానికి ‘ఇది బూటకం’ అనే వివరణలు, చాలావరకు ఏళ్ల క్రిందటివి, దొరుకుతాయి. ఏదీ దొరకకపోతే సందేశం పంపకుండా ఊరుకోవచ్చు. దాని వల్ల ఎవరికీ హాని లేదు. ఎందుకంటే ఫోను, కంప్యూటరు సవరణలను వేళకు వేయించుకుంటున్నవారికి కావలసిన రక్షణ ఆ సందేశం వల్ల రావడం లేదు.

తరగతిలో చేయదగిన పని ఒకటి సూచిస్తాను. పిల్లల ఇళ్లలోని ఫోన్లకు వచ్చిన హెచ్చరిక ఒకటి, సర్ట్-ఇన్ ప్రకటన ఒకటి తీసుకొని, పంపినవారి పేర్లు లేకుండా నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాయించండి. తేదీ క్రింద ఒక గీత, ప్రోగ్రాము పేరు క్రింద ఒక గీత, చేయవలసిన పని క్రింద ఒక గీత గీయమనండి. ఒక ప్రక్క గీతలు గీయడానికి చోటు చాలదు. రెండవ ప్రక్క సుద్దముక్క పట్టుకున్న పిల్లవాడు ఆగిపోయి, ఎక్కడ గీయాలి సార్ అని అడుగుతాడు.